కాగితపు కంకి

శ్రీరాంపూర్‌లో గని కార్మికుల క్వార్టర్లు ముగిసి పాత ఊరి ఇళ్లు మొదలయ్యే చోట ఒక చిన్న చర్చి ఉంది. దాని పక్కనున్న రేకుల గదిలో ప్రతి ఆదివారం ఉదయం ఆరాధన పిల్లలకు సండే స్కూల్ నడుపుతుంది. వాక్యం చదివించి, ఒక పాట నేర్పిన తర్వాత, పెద్దల కూడిక మొదలయ్యేవరకు మిగిలే సమయంలో ఆమె వాళ్లచేత కాగితపు చుట్టలు చేయిస్తుంది. ఆమె భర్త జేమ్స్ మంచిర్యాలలో పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద పనిచేస్తాడు. పత్రికల అంచులు సరిచేసేటప్పుడు రాలే సన్నని రంగు పట్టీలను, పొయ్యి రాజేయడానికి పనికొస్తాయని, అతడు సంచిలో నింపి ఇంటికి తెచ్చేవాడు. అలాంటి పట్టీలను చుట్టి బొమ్మలు చేసే పనికి క్విల్లింగ్ అని పేరుందని ఆరాధన ఒకసారి ఫోన్‌లో చూసి తెలుసుకుంది. అప్పటినుంచి పొయ్యికి చేరే పట్టీలు తగ్గిపోయాయి.

పని చూడటానికి సులభం. చీపురు పుల్ల కొసను బ్లేడుతో చీల్చి, ఆ చీలికలో పట్టీ అంచును దోపి, పుల్లను వేళ్ల మధ్య తిప్పాలి. చుట్టను వదలకుండా అంచుకు జిగురు రాస్తే గింజలాంటి గట్టి బిళ్ల అవుతుంది. కొద్దిగా వదిలి, విచ్చుకున్నాక అంటిస్తే పువ్వు రేకు అవుతుంది. దాని ఒక కొస నొక్కితే ఆకు. పిల్లలకు వదలడం తేలికగా వస్తుంది, బిగించడం రాదు. వాళ్ల చుట్టలు నడుమ లేచి నత్తగుల్లల్లా పొడుచుకొస్తాయి. బిగువు తప్పకుండా, అంచులన్నీ ఒక్క మట్టాన ఉండేటట్టు చుట్టగలిగింది ఆ గదిలో స్తుతి మాత్రమే.

స్తుతికి పదేళ్లు. తల్లి కామెర్లతో పోయింది. తండ్రి ఫిలిప్ షార్జాలో క్రేన్ నడుపుతాడు. పెంచుతున్నది అతని తల్లి సాయవ్వ. స్తుతి ఆమెను బాపమ్మ అని పిలుస్తుంది. మూడో తరగతిలో ఉండగా బడిలో కళ్ల పరీక్షలు జరిగినప్పుడు ఈ పిల్లను పెద్ద ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. అక్కడ నీటికాసులని తేల్చారు. ముసలివాళ్లకు వచ్చే జబ్బు పసిపిల్లకు ఎలా వచ్చిందని సాయవ్వ అడిగితే, అరుదుగా వస్తుందని, కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుందని, పోయిన చూపు తిరిగి రాదుగానీ ఉన్నదాన్ని నిలుపుకోవచ్చని, అందుకు ప్రతి రాత్రి రెండు కళ్లలో చుక్కలు పడాలని చెప్పారు. సాయవ్వ ఒక్క రాత్రి కూడా తప్పలేదు. అన్నాలయ్యాక పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, చిన్న ప్రార్థన చేసి, చుక్కలు వేసి, కొంగుతో తుడిచేది. దాంతోపాటు శుక్రవారాలు ఉపవాసం ఉండేది.

పంటలు ఇంటికి చేరే కాలంలో ఆ సంఘం కోత పండుగ చేసుకుంటుంది. ఎవరి ఇంట్లో పండింది, పెరిగింది వాళ్లు తెచ్చి ప్రసంగ వేదిక ముందు పెడతారు: వడ్ల మూట, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు. కూడిక అయ్యాక వాటిని వేలం వేస్తారు. గనులకు భూములు పోయి పండించేది ఏమీ లేనివాళ్లు కూడా ఖాళీ చేతులతో రావడానికి మనసొప్పక ఏదో ఒకటి తెస్తారు. పిల్లల వంతుగా ఏం పెట్టాలా అని ఆలోచించి, ఆరాధన ఆ ఏడు ఒక్కొక్కరిచేత ఒక్కో పంటను కాగితంతో చేయించింది. స్తుతి మొక్కజొన్న కంకిని ఎంచుకుంది. పసుపు పట్టీలను గింజలుగా చుట్టి, వరుస ఎక్కడా వంకరపోకుండా అట్ట మీద పక్కపక్కన అంటించింది. ఆ పని కొన్ని వారాలు సాగింది. చుట్టుతున్నంతసేపు ఆమె ముఖం చేతులకు బాగా దగ్గరగా, కదలకుండా ఉండేది. ఆరాధన దాన్ని శ్రద్ధ అనుకుంది. కంకికి రెండు పక్కలా రావలసిన ఆకులను మాత్రం స్తుతి తను అంటించకుండా పక్కన కూర్చున్న పిల్లకు ఇచ్చేసింది. ఆరాధన దాన్ని మంచి గుణం అనుకుంది.

పండుగనాడు సాయవ్వ ఆ కంకిని మొదటిసారి చూసింది. చేతుల్లోకి తీసుకుని, గింజల మీద వేలు పోనిచ్చి, ఇది ఎవరు చేశారని అడిగింది. ఆమె మనవరాలే చేసిందని ఆరాధన గర్వంగా చెప్పింది. ఇంత సన్నని పని తనకు కూడా చేతకాదని, ఈ పిల్ల చూపు సూదిలా ఉంటుందని కూడా అన్నది. మెచ్చుకోవడానికి ఎవరైనా అనే మాటే అది.

ప్రార్థనకు జవాబు దొరికినవాళ్లు సంఘం ముందు నిలబడి ఆ సంగతి చెప్పడం అక్కడి పద్ధతి. దాన్ని సాక్ష్యం అంటారు. చెప్పకుండా ఊరుకున్నవాళ్లు దేవుని మేలును దాచుకున్నవాళ్ల కింద లెక్క. ఆ రోజు సంఘ పెద్ద పేతురు, సాక్ష్యాలు ఉన్నవాళ్లు రావచ్చని పిలిచినప్పుడు, ఎప్పుడూ వెనక వరుసలో చాప మీద కూర్చునే సాయవ్వ కంకిని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ముందుకు వచ్చింది.

"డాక్టర్లు నా మనవరాలి కండ్లు పోతయన్నరు. శుక్రారం శుక్రారం ఉపాసముండి ఏడ్సిన. గిది చూడుండ్రి. గిది గుడ్డిపిల్ల చేసే పనేనా? దేవుడు నా బిడ్డ కండ్లు బాగుజేసిండు."

సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆరాధన కూడా చెప్పింది. వేలంలో పేతురు ఆ కంకిని కోడిపుంజు ధరను మించి పాడి దక్కించుకుని, ఇంటికి తీసుకుపోకుండా, వేదిక పక్క గోడకే మేకు కొట్టి తగిలించాడు. ఆ రాత్రి సాయవ్వ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని ప్రార్థన మాత్రం చేసింది. చుక్కలు వేయలేదు. మర్నాడు కూడా వేయలేదు.

ఈ సంగతి ఆరాధనకు ఎండలు ముదిరేదాకా తెలియలేదు. అంతకు ముందు చిన్న చిన్నవి కనిపించాయి. చాప మీద తన మోకాలి పక్కనే పడ్డ పట్టీని స్తుతి తడుముకుని వెతికేది. జిగురు సీసా ఎప్పుడూ ఉండే చోటునుంచి జానెడు జరిగితే ఎక్కడుందని అడిగేది. గదిలోకి వచ్చేటప్పుడు బల్ల మూల తొడకు తగిలితే, కావాలనే తగిలించుకున్నట్టు నవ్వేది. ఒక ఆదివారం ఆరాధన ఆమె కుడిపక్కన కూర్చుని ఉండగానే స్తుతి తల ఎత్తి, టీచర్ ఏడికి పోయిందని ఎదుటి పిల్లలను అడిగింది. పిల్లలు ఆట అనుకుని నవ్వారు. ఆరాధన ఒక ఎర్ర చుట్టను రెండు వేళ్లతో పట్టుకుని, స్తుతి చెవి దగ్గరనుంచి మెల్లగా ముందుకు జరుపుకుంటూ వచ్చింది. అది దాదాపు ముక్కుకు సూటిగా వచ్చేదాకా పిల్ల కన్ను కదలలేదు. అక్కడికి రాగానే స్తుతి దాన్ని అందుకుని, నడుమ కొంచెం లేచిందని, జిగురు ఆరకముందే నొక్కితే సరిపోయేదని చెప్పింది.

సాక్ష్యం తర్వాత ఆడవాళ్ల మాటల్లో విన్న నీటికాసులు చూపును అంచులనుంచి తినుకుంటూ వస్తుందని, నడుమ భాగం చివరిదాకా మిగులుతుందని ఆరాధన ఆ మధ్యాహ్నం చదివి తెలుసుకుంది. తలుపు రెక్కలు రెండూ దగ్గరకు వేస్తూ పోతే ఆఖరుకు ఒక సందు మిగులుతుంది. వడ్లగింజంత కాగితపు చుట్ట ఆ సందులో నిండుగా ఇముడుతుంది. అంత చిన్న పని కాబట్టే ఆ పిల్ల చేయగలిగింది. దాన్ని చూసి చర్చి మొత్తం చూపు వచ్చిందని నమ్మింది. చేయించింది తను.

మర్నాడే ఆమె సాయవ్వ ఇంటికి వెళ్లింది. సాయవ్వ కుర్చీ వేసి, చాయ పెట్టి, చుక్కలు ఆపిన సంగతి అడగకముందే చెప్పేసింది. ఆమె దృష్టిలో అందులో దాచవలసింది ఏమీ లేదు.

"సాక్ష్యం చెప్పినంక మందేసుడంటే ఏంది బిడ్డా? ఒక చేత్తోని దేవునికిచ్చి ఇంకో చేత్తోని గుంజుకున్నట్టు గాదా?"

మందు కూడా దేవుడిచ్చిందే కదా అని ఆరాధన అన్నది. చాలా ఊళ్లు చూసుకోవలసిన పాస్టరు గారు నెలకోసారి వచ్చినప్పుడు ప్రసంగంలో ఆ మాటే చెప్పి ఉన్నారు. పేరు పెట్టి చెప్పలేదు కాబట్టి అది ఎవరికీ తగల్లేదు. సాయవ్వ స్తుతిని పిలిచి చేతికి సూదీ దారం ఇచ్చింది. పిల్ల దారాన్ని నోటితో తడిపి ఒక్క ప్రయత్నంలో ఎక్కించింది. సాయవ్వ ఆరాధన వైపు, ఇంక అడగొద్దని బతిమాలుతున్నట్టు చూసింది.

ఫిలిప్ ఫోన్ ఎత్తాడు, ఓపికగా విన్నాడు. తల్లి పంపిన కంకి ఫోటోను తను క్యాంపులో తెలుగువాళ్ల శుక్రవారం ప్రార్థనలో అందరికీ చూపించి సాక్ష్యం చెప్పానని, అది విని తాగుడు మానేసినవాళ్లున్నారని చెప్పాడు. ఆ గొంతులో సంతోషం గమనించి ఆరాధన రెండోసారి మొదటినుంచి వివరించవలసి వచ్చింది. సెలవు దొరికితే తనే వచ్చి చూపిస్తానన్నాడు. సెలవు ఎప్పుడని అడిగితే, అది కంపెనీ చేతిలో ఉందని, ఫికర్ చేయొద్దని అన్నాడు.

దాంతో ఆరాధన ఒక అబద్ధం ఆడింది. కరీంనగర్‌లో సండే స్కూల్ పిల్లలకు కాగితపు బొమ్మల పోటీ ఉందని సాయవ్వకు చెప్పింది. సాయవ్వ మురిసిపోయి పిల్లకు పండుగ గౌను వేసి, తలకు నూనె రాసి పంపింది. స్తుతి తన చుట్టల్లో మంచివి ఏరి, అగ్గిపెట్టెల్లో దూది పరిచి, ఒక్కో పెట్టెలో ఒక్కో రంగు సర్దుకుని వచ్చింది. బస్సు గోదావరి వంతెన ఎక్కినప్పుడు, కిటికీ పక్కన కూర్చున్న పిల్ల గాలి చల్లబడడం గమనించి, నది ఏ పక్కన ఉందని అడిగింది. రెండు పక్కలా ఉందని ఆరాధన చెప్పింది.

కరీంనగర్‌లో కంటి డాక్టరు స్తుతిని గిన్నెలా లోతుగా ఉన్న తెల్లటి యంత్రం ముందు కూర్చోబెట్టి, చేతికి ఒక మీట ఇచ్చి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా నొక్కమన్నది. మీట చాలాసేపు మోగలేదు. నడుమ కొంచెంసేపు మోగి మళ్లీ ఆగిపోయింది. పిల్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరు ఆరాధనతో విడిగా మాట్లాడింది. కుడి కన్ను దాదాపు అయిపోయింది. ఎడమ కంటిలో నడుమ కాస్త మిగిలింది. చుక్కలు ఆపకుండా ఉండి ఉంటే అని మొదలుపెట్టి ఆ మాట అక్కడే వదిలేసింది. ఇప్పుడైనా చుక్కలు రోజూ పడాలి, ఆపరేషన్ కూడా కావాలి, ఆలస్యం చేయకూడదు. ఆపరేషన్‌కు ఇంటివాళ్లు వచ్చి సంతకం పెట్టాలి. మీరు పిల్లకు ఏమవుతారని డాక్టరు అడిగింది. టీచర్‌నని ఆరాధన చెప్పింది.

తిరుగు బస్సు కోసం కూర్చున్నప్పుడు స్తుతి అగ్గిపెట్టెలను ఒళ్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"పోటీ లేదు గదా టీచర్."

లేదని ఆరాధన ఒప్పుకుంది.

"నాకు ఎరుకే. అటుపక్క ఇటుపక్క ఏం ఉండది నాకు. బాపమ్మకు చెప్పలే. నువ్వు గూడ చెప్పకు."

ఎందుకు చెప్పకూడదని ఆరాధన అడిగింది.

"చెప్తే బాపమ్మ సాక్ష్యం అబద్ధమైతది. అబద్ధ సాక్ష్యం పాపం గదా. నువ్వే నేర్పినవు."

పది ఆజ్ఞల పాఠం ఆరాధనే చెప్పింది. పిల్లలచేత కంఠతా పట్టించింది కూడా.

అయినా ఆమె సాయవ్వకు చెప్పింది. డాక్టరిచ్చిన కాగితాన్ని, కొత్త చుక్కల సీసాను ముందు పెట్టి, పోటీ అబద్ధమన్న సంగతితో సహా అన్నీ చెప్పింది. సాయవ్వ తిట్టలేదు. కాగితం తనకు చదవరాదని పక్కకు జరిపింది. ఆరాధన లేచి వచ్చేస్తుంటే, సీసాను మాత్రం గూట్లో పెట్టడం కనిపించింది.

ఆ వారం చివర సాయవ్వే ఆరాధన ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాకుండా గడప దగ్గరే కూర్చుని, తను చూసింది చెప్పింది. పొద్దున స్తుతి వాకిట్లో ముఖం కడుక్కుంటుంటే తను చప్పుడు కాకుండా వెళ్లి పక్కన నిలబడింది. పిల్ల పుక్కిలించింది, నీళ్లు చల్లుకుంది, తువ్వాలు కోసం తీగను తడిమింది, ఏదో కూనిరాగం కూడా తీసింది. ఇంత దగ్గర మనిషి ఉన్నట్టు దానికి తెలియలేదు. తన ఏడుపు వినబడ్డాకే తల తిప్పింది. పళ్లెంలో ఒక పక్క అన్నం రోజూ మిగిలిపోతుంటే ఆకలి లేదేమో అనుకున్నానని, తిననందుకు తిట్టానని కూడా చెప్పింది.

"నేనే పోగొట్టిన్నా బిడ్డా?"

ఆరాధన చుక్కలు ఈ రోజే మొదలుపెడదామని, ఎవరికీ చెప్పనవసరం లేదని అన్నది. అందుకు సాయవ్వ ఒప్పుకోలేదు. అందరి ముందు చెప్పిన మాటను అందరి ముందే దిద్దుకోవాలి. దొంగచాటుగా మందు వేస్తే మొదటి అబద్ధం మీద రెండోది పెట్టినట్టవుతుంది. ఆదివారం లేచి ఒప్పుకుంటాను, సోమవారం పొద్దున పిల్లను తీసుకుని కరీంనగర్ బస్సెక్కుతానని చెప్పి, కొంగు దులుపుకుని లేచింది. ఆ ముసలామె నడిచిపోతున్న తీరు చూస్తూ ఆరాధన, ఇంకా కొంత మిగిలే ఉంది కదా అనుకుంది. ఎడమ కంటిలో నడుమ కాస్త.

ఆ ఆదివారం పాస్టరు గారు లేరు. కూడిక నడిపింది పేతురు. అతడు గనిలో పైకప్పు కూలినప్పుడు బండల కింద చిక్కుకుని బతికి బయటపడ్డ మనిషి. అతనితో దిగినవాళ్లు రాలేదు. ఆ చీకట్లో చేసిన ప్రార్థనకు దేవుడు జవాబిచ్చాడని ప్రతి ఏడూ సాక్ష్యం చెబుతాడు. అది నిజం కాకపోతే ఆ మిగిలినవాళ్లు ఎందుకు పోయారో, తను ఎందుకున్నాడో అతనికి తెలియదు. అలాంటి మనిషి ముందు సాయవ్వ లేచి నిలబడింది.

"ఆ దినం నేను చెప్పింది నిజం గాదు. నా బిడ్డకు కనబడ్తలేదు. మందు ఆపి నేనే ఖరాబు చేసిన, దేవుని పేరు మీద ఏసిన. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

కొడుకు దూరంగా ఉండి పరేషానై అట్లా మాట్లాడుతున్నదని ఒక ఆడమనిషి పక్కామెతో అన్నది. పేతురు వేదిక దిగి వచ్చి సాయవ్వ చెయ్యి పట్టుకున్నాడు. అతని గొంతులో కోపం లేదు.

"చెల్లె, ఇది నీ మాట గాదు. దేవుడు మేలు చేసినంక సైతాను గిట్లనే అనుమానం పెడ్తడు. నాకు గూడ పెట్టిండు. నిమ్మలంగ కూసో."

ఆరాధన లేచి కరీంనగర్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఉండగానే పేతురు చెయ్యెత్తి, మనం మనం అనుకోవడం ఎందుకు, పిల్లనే అడుగుదామన్నాడు. అది అందరికీ న్యాయంగా తోచింది. ఒక్క క్షణం ఆరాధనకు కూడా న్యాయంగానే తోచింది.

స్తుతిని ముందుకు తెచ్చారు. పేతురు ఆమెకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, ముఖంలో ముఖం పెట్టి చూశాడు.

"బిడ్డా, నేను కనబడ్తున్ననా?"

"కనబడ్తున్నవు తాతా."

"మరి నా మీసం ఏ రంగున్నది?"

"నల్ల రంగేసినవు. కింద తెల్లగ వస్తున్నది."

చర్చి అంతా నవ్వింది. పేతురు కూడా మీసం తడుముకుని నవ్వాడు. గోడకున్న కంకిని తీసి ఆమె కళ్ల ముందు పట్టుకుని, ఇది ఎవరు చేశారని అడిగాడు. తనే చేశానన్నది. చూసుకుంటూ చేశావా, తడుముకుంటూ చేశావా అని అడిగాడు. చూసుకుంటూనే అన్నది. అన్నీ నిజాలే. అయితే చూపున్నట్టేనా అని అతడు చివరిగా అడిగినప్పుడు, స్తుతి తల అటూ ఇటూ తిప్పి సాయవ్వ కోసం వెతికింది. సాయవ్వ ఆమెకు కుడిపక్కన, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో ఉంది. పిల్లకు ఆమె దొరకలేదు.

"ఉన్నది. బాపమ్మ అబద్ధం చెప్పలే."

ఎవరో పాట ఎత్తుకున్నారు. తబలా అందుకుంది. పేతురు పిల్ల తల మీద చెయ్యి వేసి పెద్దగా ప్రార్థించాడు. అతని కళ్లలో నీళ్లు నిజమైనవి. ఆడవాళ్లు సాయవ్వ చుట్టూ చేరి, వీపు నిమిరి, ధైర్యం చెప్పారు. ఆమె వాళ్ల నడుమ చాప మీద కూర్చుండిపోయింది. ఇంక లేవలేదు.

ఎవరేమనుకున్నా చుక్కలు వేయాలని సాయవ్వ ఇంటికి వెళ్లి సీసా తీసింది. అప్పుడు స్తుతి కళ్లు మూసుకుంది. బతిమాలినా తెరవలేదు, చెంప మీద కొట్టినా తెరవలేదు. రెప్పల మీద వేసిన చుక్కలు పక్కలకు జారి చెవుల్లోకి పోయాయి. నిద్రలో వేయబోతే లేచి మూలకు పోయి మోకాళ్లలో ముఖం దాచుకుంది. వినీవినబడని గొంతుతో సాయవ్వ ఇదంతా చెప్పి, నీ మాట వింటుందేమో రమ్మని ఆరాధనను పిలుచుకుపోయింది.

స్తుతి మంచం మీద కూర్చుని పసుపు పట్టీ చుట్టుకుంటూ ఉంది. చేతులు ఆపకుండానే మాట్లాడింది.

"బాపమ్మ తెల్వక చెప్పింది టీచర్. నేను తెలిసి చెప్పిన. గిప్పుడు దేవుడు దాన్ని నిజం చెయ్యాలె. మందేసుకుంటే ఆయనెందుకు చేస్తడు?"

ఆరాధన దగ్గర జవాబులు లేకపోలేదు. దేవుడు చిన్నపిల్లల మీద కోపం పెట్టుకోడని చెప్పింది. భయంతో ఆడిన మాట అబద్ధంలోకి రాదని చెప్పింది. అవసరమైతే ఆ పాపం తను మోస్తానని కూడా చెప్పింది. పది ఆజ్ఞలు కంఠతా పట్టించిన గొంతుతోనే అవన్నీ చెప్పింది. పిల్ల మర్యాదగా విని, చుట్ట అంచుకు జిగురు రాసి, ఆరేదాకా వేళ్లతో నొక్కి పట్టుకుంది.

ఒకసారి ఇద్దరూ కలిసి ఆమెను బలవంతాన బస్టాండుకు తీసుకుపోయారు. స్తుతి బస్సు మెట్టు దగ్గర కడ్డీ పట్టుకుని అరిచింది. జనం మూగారు. ఈ పిల్ల ఎవరి పిల్ల, ఎక్కడికి తీసుకుపోతున్నారని కండక్టరు అడిగాడు. పిల్ల తన నోటితోనే, నాకేం రోగం లేదన్నది. సాయవ్వ ముందుగా చెయ్యి వదిలింది. ఫిలిప్‌కు ఫోన్ చేస్తే, బిడ్డే కనబడుతున్నదని చెప్పింది కదా అక్కా, అన్నాడు. సెలవు అడిగానని, చూద్దామని అన్నాడు.

వానలు పడ్డాయి. రేకుల గదిలో స్తుతి చుట్టలు అంతే బిగువుగా వస్తూ ఉన్నాయి. రంగుల విషయంలో మాత్రం ఆమె ఇప్పుడు పక్క పిల్లను అడుగుతుంది. పక్క పిల్ల ఒక్కోసారి ఏడిపించడానికి తప్పు రంగు చెబుతుంది. ఆ చుట్టలను ఆరాధన ఎవరూ చూడకముందే తీసి తన సంచిలో వేసుకుంటుంది.

సాయవ్వ ఇప్పుడు ఆదివారాలు మనవరాలి చెయ్యి పట్టుకోదు. పట్టుకుంటే నలుగురికీ తెలుస్తుందని పిల్ల ఒప్పుకోదు. అందుకని భుజానికి భుజం తగిలేటట్టు పక్కన నడుస్తూ, పెదవులు కదిలీ కదలకుండా దారి చెబుతుంది. గుంత. మెట్టు. ఎడమకు పేతురు తాత. స్తుతి ఆ దిక్కుకు ముఖం తిప్పి, నవ్వి, వందనాలు తాతా అంటుంది. పేతురు పక్కనున్నవాళ్లతో, చూసిండ్రా, ఇంత దూరంనుంచే గుర్తుపట్టింది, అంటాడు. వాళ్లు స్తోత్రం అంటారు. సాయవ్వ కూడా అంటుంది.

మొన్న ఆదివారం కూడిక ముగిశాక ఆరాధన చర్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. వాన వెలిసి ఆవరణ అంతా వెలుతురుగా ఉంది. ఇద్దరూ మెల్లగా ఆమె వైపే వచ్చారు. స్తుతి తల నిలిపి నేరుగా ఆమె ముఖంలోకే చూస్తూ వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆగారు. ఆరాధన ఎదురుచూసింది. పిల్ల చూస్తూనే ఉంది. అప్పుడు సాయవ్వ, ఆరాధన కళ్లలోకి చూడకుండా, మనవరాలి చెవి దగ్గరికి వంగింది.

"ముందల టీచర్," అన్నది.

"వందనాలు టీచర్," అన్నది స్తుతి.